అర్ధరాత్రి నెత్తిమీదుగా వెళ్ళే పిట్ట ఏదో పిలుపు విని చెప్పడం ఎలా

సెప్టెంబరు మధ్యలో, వాతావరణం కాస్త చల్లబడిన రాత్రి, న్యూజెర్సీలో ఏ ఎడిసన్‌లోనో ప్లెయిన్స్‌బరోలోనో ఇంటి వెనక డెక్ మీదికి వెళ్ళి, లైటు ఆపేసి, ఫోన్ జేబులో పెట్టుకుని ఒక పావుగంట ఊరికే నిలబడండి. పైనుంచి "ప్వీప్" అనో "ట్సి" అనో చిన్న చప్పుళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి వినిపిస్తాయి. ఒక్కోటి సెకనులో పదో వంతో రెండు వంతులో, అంతే. చాలామంది ఏ కప్పో కీచురాయో అనుకుని లోపలికి వెళ్ళిపోతారు. అవి కెనడా అడవుల్లో గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణ అమెరికా దాకా పోతున్న పిట్టల పిలుపులు. పాటలు పాడే చిన్న పిట్టల్లో ఎక్కువ జాతులు వలస ప్రయాణం రాత్రిళ్ళే చేస్తాయి. అప్పుడు గాలి చల్లగా, కుదురుగా ఉంటుంది, డేగల బెడద తక్కువ, పైగా పగలంతా తిండి వెతుక్కోవడానికి మిగులుతుంది.

ఈ పిలుపుల్ని బట్టి పిట్ట పేరు చెప్పడం అనేది తూర్పు అమెరికాలో బాగా ముదిరిన పిచ్చి, నాకూ పట్టుకుంది. ఇక్కడున్న మన తెలుగువాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. నేను చెప్పేదంతా ప్రధానంగా న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా వైపు ఆకురాలు కాలానికి సరిపోతుంది. డాలస్ వాళ్ళకోసం, ఇంటిదగ్గర ఆంధ్రా తెలంగాణల్లో ఉన్నవాళ్ళకోసం చివర్లో కొంచెం ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రలో వేసుకోవాలి. పగలు కొమ్మ మీద కూర్చుని పాడే పాట వేరు, రాత్రి ఎగురుతూ ఇచ్చే పిలుపు వేరు. పాటలన్నీ కంఠతా వచ్చిన పాత బర్డర్లు, అంటే పిట్టల్ని చూడ్డమే సరదాగా పెట్టుకున్నవాళ్ళు, కూడా రాత్రి డెక్ మీద నిలబెడితే తెల్లమొహం వేస్తారు. కాబట్టి మీకు పిట్టల గురించి ఏమీ రాకపోయినా పెద్ద నష్టమేం లేదు, దాదాపు అందరూ ఇక్కడ ఓనమాల నుంచే దిద్దాలి. రెండోది, ప్రతి పిలుపుకీ పేరు పెట్టాలన్న తపన మానుకోవాలి. విన్నవాటిలో సగానికి పైగా "ఏదో వార్బ్లర్" (వార్బ్లర్లంటే సన్నగొంతు చిన్న పిట్టలు), "ఏదో పిట్ట" దగ్గరే ఆగిపోతాయి, ఎంత అనుభవం ఉన్నా. ఆగిపోవాల్సిన చోట ఆగడమే ఈ పనిలో అసలు నేర్పు అని నా అభిప్రాయం.

ఏ రాత్రి, ఏ వేళ

ప్రతి రాత్రీ పిట్టలు వెళ్ళవు. ఆకురాలు కాలంలో వాటికి వెనకనుంచి తోసే గాలి కావాలి, అంటే ఉత్తరం నుంచో వాయవ్యం నుంచో వీచే గాలి. వెదర్ యాప్‌లో కోల్డ్ ఫ్రంట్ దాటిపోయిందని చూపించిన తరవాత వచ్చే మొదటి రెండు రాత్రులు చూసుకోండి. నాలుగు రోజులు ఉక్కపోసి, వాన పడి, సాయంత్రానికి ఆకాశం తేటపడి స్వెటర్ వేసుకోవాలనిపించిందా, ఆ రాత్రి నిద్ర మానుకోవచ్చు. వసంతంలో దీనికి తలకిందులు, దక్షిణపు గాలి ఉండాలి.

గాలి లెక్కలు మనకెందుకు అనుకుంటే బర్డ్‌కాస్ట్ అనే వెబ్‌సైట్ చూడండి. వాతావరణ శాఖ రాడార్లలో వాన మబ్బులే కాదు, ఆకాశంలో ఎగిరే పిట్టల గుంపులూ పడతాయి. ఆ రాడార్ సమాచారాన్ని జల్లెడపట్టి మీ కౌంటీ మీదుగా ఈ రాత్రి ఎన్ని పిట్టలు దాటాయి, ఎంత ఎత్తున, ఏ దిక్కుకు అని అంచనాలు చూపిస్తారు. అది ఏ జాతో చెప్పదు. జాతి చెప్పే పని మీ చెవిది.

వేళ సంగతికొస్తే, పొద్దుగూకిన అరగంట ముప్పావుగంట తరవాత పిట్టలు లేస్తాయి. రాడార్‌లో చూస్తే అర్ధరాత్రికి కాస్త ముందూ వెనకా ఆకాశంలో ఎక్కువ ఉంటాయి. వినడానికి మాత్రం తెల్లవారుజామే మంచిది, ఎందుకంటే దిగే ముందు కిందికొస్తాయి, పిలవడమూ ఎక్కువ చేస్తాయి. ఉద్యోగం చేసుకునేవాళ్ళు పన్నెండింటి దాకా మేలుకునే బదులు పడుకుని నాలుగున్నరకి లేవడం నయం. కిందికి దిగిన మబ్బు, సన్నటి తుంపర ఉన్న రాత్రిళ్ళు పిట్టలకి కష్టం, మనకి మాత్రం పండగ. తక్కువ ఎత్తులో ఎగురుతాయి, ఒకదాన్నొకటి తప్పిపోకుండా కాబోలు తెగ పిలుచుకుంటాయి.

సీజన్ ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు చివరిదాకా. ఆగస్టు, సెప్టెంబరు వార్బ్లర్లవి, వాటికన్నా కాస్త పెద్దవైన, లావుగొంతు థ్రష్‌లవి. అక్టోబరు వచ్చేసరికి వార్బ్లర్లు పలచబడి స్పారోలు, అంటే ఇక్కడి అడవి పిచ్చుకలు, దండుగా దిగుతాయి. ఈ క్యాలెండర్ కూడా గుర్తింపులో భాగమే, మళ్ళీ వస్తాను దానికి.

కీచురాళ్ళ గోల

న్యూజెర్సీలో ఆగస్టు రాత్రి అంటే చెట్టు నిండా కేటిడిడ్‌లు అనే మిడతల్లాంటి పురుగులు, గడ్డి నిండా కీచురాళ్ళు. మిక్సీ తిరుగుతుండగా పక్కగదిలో గుసగుసలు వినాలని చూసినట్టుంటుంది. పైగా వీటి గోల చాలావరకు మూడు నాలుగు కిలోహెర్ట్జ్ (శ్రుతి కొలత, అంకె పెరిగేకొద్దీ గొంతు సన్నం) నుంచి పైకి ఉంటుంది, సన్నగొంతు పిట్టలు పిలిచేదీ ఆ చుట్టుపక్కలే. కాబట్టి పెద్ద చెట్ల కింద నిలబడొద్దు. ఖాళీ పార్కింగ్ లాట్, స్కూల్ గ్రౌండ్, అపార్ట్‌మెంట్ పై అంతస్తు బాల్కనీ, ఇవి బాగుంటాయి. ఏసీ కంప్రెసర్‌కి దూరంగా ఉండాలి. అక్టోబరు చలి ముదిరేకొద్దీ పురుగులు నోరు మూసుకుంటాయి, కొత్తవాళ్ళు అప్పుడు మొదలుపెడితే సగం తలనొప్పి ఉండదు.

పిట్ట కానివి ఇంకో రెండు ఉన్నాయి. వసంతంలో స్ప్రింగ్ పీపర్ అనే బుల్లి కప్ప "పీప్ పీప్" మంటుంది, అచ్చం ఒక థ్రష్ పిలుపులా ఉంటుంది. కప్ప ఒకే చోట నుంచి, గడియారం కొట్టినట్టు, గంటలకొద్దీ అంటుంది. పిట్ట ఒకసారి ఇక్కడ, ఇరవై సెకన్లకు దక్షిణంగా అక్కడ అంటుంది, తరవాత వినపడదు. రెండోది ఎగిరే ఉడత. ఓక్ చెట్లున్న వీధుల్లో ఇది రాత్రి సన్నగా చిలిపిగా కీచుమంటుంది, చెట్టు మీద నుంచే వస్తోందంటే అనుమానించండి.

రికార్డు చేయకుండా కుదరదు

చెవితో మాత్రమే నేర్చుకోవాలని చూస్తే ఏళ్ళు పడుతుంది. పిలుపు పూర్తయిపోయాకే మన బుర్ర "అరె, ఏదో అరిచింది" అంటుంది. రికార్డు చేసి, తరవాత కంప్యూటర్‌లో దాని బొమ్మ చూడాలి. ఆ బొమ్మనే స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అడ్డంగా సమయం, నిలువుగా శ్రుతి, చప్పుడు ఎంత గట్టిగా ఉంటే అక్కడ అంత ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. రెండు పిలుపులు చెవికి ఒకేలా "ట్సి" అనిపించినా బొమ్మలో ఒకటి సాఫీగా పైకి లేచిన గీత, ఇంకోటి రంపపు పళ్ళలా గీతలు గీతలుగా ఉంటుంది. తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఫోన్‌తో మొదలుపెట్టొచ్చు కానీ మామూలు వాయిస్ రికార్డర్ యాప్‌లు మనుషుల మాటకోసం చేసినవి. సన్నటి శబ్దాల్ని నాయిస్ అనుకుని కోసేస్తాయి, ఆపైన ఫైల్‌ని నలిపి చిన్నది చేస్తాయి. వేవ్ ఫైల్‌గా, ఏ ఫిల్టరూ లేకుండా రికార్డు చేసే యాప్ వాడండి.

కాస్త డబ్బు పెట్టగలిగితే ఆడియోమాత్ అని చిన్న రికార్డర్ ఉంది, అరచేతిలో పట్టేస్తుంది, మూడు డబుల్-ఏ బ్యాటరీలు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు. రాత్రి ఎన్నింటికి మొదలవ్వాలి, ఎన్నింటికి ఆగాలి అని ముందే సెట్ చేసి పడుకోవచ్చు. శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలవాలన్న లెక్క, 32 కిలోహెర్ట్జ్ పెట్టండి. పిట్టల పిలుపులు దాదాపు పది కిలోహెర్ట్జ్ లోపే ఉంటాయి, శాంప్లింగ్ రేటు కనీసం దానికి రెట్టింపు ఉండాలి కాబట్టి 32 హాయిగా సరిపోతుంది. ఒక ఛానెల్, 16 బిట్ అయితే గంటకు 230 ఎంబీ అవుతుంది, పది గంటల రాత్రికి రెండున్నర జీబీ లోపే. అంతకన్నా ఎక్కువ రేటు పెట్టి కార్డు నింపుకోవడం దండగ.

దీన్ని పెట్టే పద్ధతి కూడా ముఖ్యం. బిల్ ఎవాన్స్ అనే ఆయన ఈ రంగానికి పెద్దదిక్కు. చవకగా ఎవరైనా చేసుకోగలిగే మైక్రోఫోన్ ఒకటి రూపొందించాడు, దాని ఒళ్ళు మామూలు ప్లాస్టిక్ పూలకుండీ. అడుగున మైక్, మైక్ మొహం ఆకాశం వైపు, కుండీ మూతికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ షీటు బిగించి కట్టడం, అంతే. వాన లోపలికి పోదు, పక్కనుంచి వచ్చే రోడ్డు రొద, కీచురాళ్ళ గోల చాలావరకు కుండీ గోడలే ఆపేస్తాయి. ఆడియోమాత్‌ని కూడా అలాగే కుండీలో పెట్టొచ్చు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ సంఘం) వాళ్ళు వచ్చి అదేంటని అడిగినా పూలకుండీ అని చెబితే అబద్ధం కూడా కాదు.

ఇంకో మాట. మైక్ పక్కింటివాళ్ళ డెక్ మీది మాటల్ని కూడా పడుతుంది. రికార్డింగు ఎవరికైనా పంపేముందు పిట్ట పిలుపు ఉన్న మూడు నాలుగు సెకన్లు మాత్రమే కత్తిరించండి, 1,500 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై-పాస్ ఫిల్టర్‌తో తగ్గించండి. మన అమెరికా జీవితంలో ఇరుగుపొరుగుతో గొడవలకి వేరే కారణాలు చాలానే ఉన్నాయి, పిట్టలకోసం ఇంకోటి వద్దు.

పొద్దున్న కాఫీ తాగుతూ ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రాంలో తెరవండి, ఉచితమే. ట్రాక్ పేరు పక్కన ఉన్న మెనూలో స్పెక్ట్రోగ్రామ్ అని ఎంచుకుని, సెట్టింగుల్లో స్కేలు లీనియర్ చేయండి, పై హద్దు 11,000 హెర్ట్జ్, విండో సైజు 512. సన్నటి పిలుపులు మరీ అలికినట్టు కనిపిస్తే విండో 256 చేయండి, సమయం పరంగా చురుగ్గా కనిపిస్తాయి. ఒక తెరకి పది పదిహేను సెకన్లు పట్టేలా జూమ్ చేసుకుని కుడివైపుకి జరుపుకుంటూ వెళ్ళడమే. మొదటి రోజు రాత్రంతా చూడబోతే అలసిపోయి వదిలేస్తారు, అందుకని తెల్లవారుజాము గంట మాత్రం చూడండి.

ముందు పెద్దగొంతులు, తరవాత థ్రష్‌లు, ఆ తరవాతే మిగతావి

అందరూ చేసే పని ఏంటంటే వార్బ్లర్ల జాబితా ముందేసుకుని కూర్చోవడం. వద్దు. శ్రుతి తక్కువగా, పిలుపు పొడవుగా ఉన్నవాటితో మొదలుపెట్టాలి.

పెద్దగొంతువి మొదటి రాత్రే వచ్చేస్తాయి. కెనడా బాతులు చెప్పక్కర్లేదు. ఒక్కటే బొంగురు "క్వాక్", కాసేపాగి మళ్ళీ ఒక్కటి, అది నైట్ హెరాన్. మన చింతవక్కే అది, కొల్లేరులో ఉన్నదీ న్యూజెర్సీ మీద ఎగిరేదీ ఒకే జాతి, గొంతూ అదే. "స్క్యావ్" అని తిట్టినట్టు అరిచి పోయేది గ్రీన్ హెరాన్. కిల్‌డీర్ పేరే దాని కూత, కాకపోతే అది వెలుగున్న పార్కింగ్ లాట్లలో రాత్రంతా తిరుగుతూ అరుస్తుంది కాబట్టి వలసలో ఉందో మాల్‌లో ఉందో చెప్పలేం.

ఇక థ్రష్‌లు. రాత్రి వినికిడిలో అసలు ఆనందం వీటిదే. ఇవి రెండు నుంచి ఐదు కిలోహెర్ట్జ్ మధ్య పిలుస్తాయి, మన చెవి బాగా పనిచేసే చోట, వయసు మీదపడి సన్నటి శబ్దాలు వినపడనివాళ్ళకి కూడా వినిపిస్తాయి. ఈ ప్రాంతం మీదుగా వెళ్ళేవి ముఖ్యంగా ఐదు.

స్వెయిన్సన్స్ థ్రష్ దగ్గర మొదలుపెట్టండి. "ప్వీప్", ఒకటే స్వరం, నున్నగా, కింద నుంచి పైకి లేచి అక్కడే నిలిచి ఆగిపోతుంది. కప్ప అని పొరబడేది దీన్నే. బొమ్మలో దాదాపు రెండు, మూడు కిలోహెర్ట్జ్ మధ్య కొక్కెం ఆకారంలో ఒక లావు గీత. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మంచి రాత్రి అయితే విసుగొచ్చేటంత వినిపిస్తుంది. దీన్ని ఒక వందసార్లు వినాలి. ఎందుకంటే మిగతా నాలుగింటినీ దీనితో పోల్చే గుర్తుపడతాం.

వీరీ దీనికి తిరగేసింది. పైనుంచి కిందికి జారుతుంది, "వ్యూ..." అని, కాస్త గరుకుగా, నిట్టూర్చినట్టు. ఇది తొందరగా వెళ్ళే పిట్ట, ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మధ్యలోపు ఎక్కువ భాగం దాటిపోతుంది, చలికాలం బ్రెజిల్‌లో గడుపుతుంది. అక్టోబరు పదిహేనున మీకు వీరీ వినిపించిందంటే ముందు మీ చెవిని అనుమానించండి. క్యాలెండర్ గుర్తింపులో భాగం అన్నది ఇందుకే.

గ్రే-చీక్డ్ థ్రష్ కూడా కిందికి జారేదే, కానీ వీరీ కన్నా పై శ్రుతిలో మొదలవుతుంది, ముక్కుతో పలికినట్టు "జీర్" అని ఉంటుంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో చూడాలి. దీనికి బిక్‌నెల్స్ అని ఒక చుట్టం ఉంది, ఆ రెండింటి పిలుపుల్ని వేరు చేయడం నిపుణులకే కష్టం, మనం ఆ గొడవలోకి వెళ్ళొద్దు. వుడ్ థ్రష్ పిలుపు చురుగ్గా, గట్టిగా, లోపల వణుకుతో "హిజ్జ్" అని ఉంటుంది. బొమ్మలో ఆ వణుకు ముడతలుగా కనిపిస్తుంది, మిగతా థ్రష్‌ల గీత అలా ఉండదు. చివరిది హెర్మిట్ థ్రష్, అక్టోబరుది. సాదా ఈల, గరుకు లేదు, పెద్దగా ఎక్కడం దిగడం లేదు. అక్టోబరు మూడో వారంలో పురుగుల రొద లేని తెల్లవారుజామున ఈ ఈల ఒక్కటీ వినడానికి లేవొచ్చు.

థ్రష్‌లు అలవాటయ్యేసరికి ఒక సీజన్ గడిచిపోతుంది, గడవనివ్వండి. మధ్యలో బోబోలింక్ వస్తుంది, లోహపు "పింక్", పగలూ రాత్రీ అదే కూత కాబట్టి సులువు. ఆగస్టు చివర, సెప్టెంబరులో వెళ్తుంది, అర్జెంటీనా, పరాగ్వే వైపు.

సన్నగొంతులు

వార్బ్లర్లు, స్పారోలు ఆరు నుంచి తొమ్మిది కిలోహెర్ట్జ్ దగ్గర పిలుస్తాయి, ఎక్కువ భాగం సెకనులో పదో వంతు కన్నా తక్కువే. ఇక్కడ ఒట్టి చెవిని నమ్ముకుంటే మునిగినట్టే, బొమ్మ చూడాలి.

స్పారోలు కొంచెం నయం. వైట్-థ్రోటెడ్ స్పారో పిలుపు వీటిలో పొడుగు, "స్సీట్" అని సాగి చివర కాస్త కిందికి వాలుతుంది. అక్టోబరులో రాత్రంతా ఇదే. సవానా స్పారో ఇంకా పల్చగా "ట్సీవ్" అని జారుతుంది. చిప్పింగ్ స్పారో పొట్టిగా చురుక్కున పైకి లేస్తుంది.

వార్బ్లర్లలో తేలిగ్గా దొరికేవి ఒకటి రెండే. అమెరికన్ రెడ్‌స్టార్ట్ తేటగా తియ్యగా "ట్స్వీ" అని పైకి ఎక్కుతుంది, బొమ్మలో ఒకే గీత. కామన్ యెల్లోథ్రోట్ దానికి పూర్తిగా వేరు, "డ్జిక్" అని గరుగ్గా, సమంగా, మిగతా వార్బ్లర్ల కన్నా తక్కువ శ్రుతిలో. ఈ రెండూ వచ్చాక మిగిలినవాటిని కుప్పలుగా వేయడం నేర్చుకోవాలి. రాత్రి వినేవాళ్ళు "జీప్" కుప్ప అని ఒకటి అంటారు. యెల్లో, మాగ్నోలియా, బ్లాక్‌పోల్, బే-బ్రెస్టెడ్, బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్లు అందులోకి వస్తాయి. అన్నీ వణుకుతో కూడిన సన్నటి "జీప్", బొమ్మలో దగ్గర దగ్గరగా రంపపు పళ్ళు. ఇంకో కుప్ప పైకి లేచే జంట గీతలది. టెనెస్సీ, నాష్‌విల్, బ్లాక్-థ్రోటెడ్ గ్రీన్, ఆరెంజ్-క్రౌన్డ్ దాంట్లో ఉంటాయి. కుప్పలోంచి ఒకదాన్ని బయటకి తీసి పేరు చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో కొందరిని నమ్మొచ్చు. మీరు మొదటి రెండు మూడేళ్ళూ "జీప్" అని రాసుకుని ముందుకెళ్ళండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆ జీప్‌లలో ఒక బ్లాక్‌పోల్ ఉండొచ్చని తలుచుకుంటే మాత్రం నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. పన్నెండు గ్రాముల పిట్ట, న్యూ ఇంగ్లండ్, నోవా స్కోషియా తీరాల నుంచి అట్లాంటిక్ మీదుగా ఎక్కడా దిగకుండా రెండు మూడు రోజులు ఎగిరి 2,500 కిలోమీటర్లకు అటూ ఇటుగా దాటి కరీబియన్ దీవుల్లో వాలుతుంది, అక్కడి నుంచి దక్షిణ అమెరికాకి పోతుంది. వీపుకి చిన్న పరికరం కట్టి చూసి 2015లో ఇది నిర్ధారించారు.

ఇంకోటి తెలుసుకోవాలి. రాత్రి అసలు నోరు విప్పని జాతులు కూడా ఉన్నాయి. వీరియోలు, ఫ్లైక్యాచర్లలో చాలావరకు, మౌనంగా వెళ్ళిపోతాయి. పొద్దున్నే పార్కులో పాతిక రెడ్-ఐడ్ వీరియోలు కనపడి, రాత్రి రికార్డింగులో ఒక్కటీ లేకపోతే మైక్ పాడైందని టెన్షన్ పడొద్దు.

పేరు ఎలా ఖాయం చేసుకోవాలి

విస్కాన్సిన్‌లోని మాడిసన్ దగ్గర ఒక గుట్ట మీద కూర్చుని లిబీ అనే ఆయన 1896 సెప్టెంబరులో ఒక్క రాత్రిలో మూడు వేలకు పైగా పిలుపులు లెక్కపెట్టాడు. లెక్కపెట్టగలిగాడు కానీ వాటిలో చాలావాటి పేర్లు చెప్పలేకపోయాడు. 1950ల చివర్లో ఇల్లినాయ్‌లో గ్రేబర్, కాక్రన్ అనే ఇద్దరు టేపు మీద రికార్డు చేయడం మొదలుపెట్టాక కూడా చీకట్లో అరిచింది ఏదో తేల్చుకోవడం కష్టంగానే ఉండేది. చిక్కుముడి ఎలా విప్పారంటే, అదే పిలుపుని పగటిపూట, పిట్ట కళ్ళకి కనిపిస్తుండగా రికార్డు చేసి, రాత్రిదానితో పక్కపక్కన పెట్టారు. తెల్లారాక కూడా కాసేపు ఎగురుతూ పోయే పిట్టలు అవే పిలుపులు ఇస్తాయి. మన న్యూజెర్సీలోని కేప్ మే ఇందుకు పేరుమోసిన చోటు. బిల్ ఎవాన్స్, కేప్ మే వాసి మైకేల్ ఓబ్రయన్ కలిసి 2002లో 211 జాతుల పిలుపులతో సీడీ తెచ్చారు. నేర్చుకునేవాళ్ళకి ఇప్పటికీ అదే పునాది, ఇంటర్నెట్‌లో చూడొచ్చు. పిట్టల గొంతుల రికార్డింగులుండే జెనో-కాంటో వెబ్‌సైట్‌లో కూడా రాత్రి ఎగిరేటప్పటి పిలుపులు విడిగా వెతుక్కునే వీలుంది.

మీరు చేయాల్సిందీ అదే. మీకు దొరికిన బొమ్మని వాటి పక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: ఎన్ని కిలోహెర్ట్జ్ నుంచి ఎన్ని దాకా, ఎంతసేపు, ఎక్కుతోందా జారుతోందా, గీత నున్నగా ఉందా రంపంలా ఉందా. ఆపైన తేదీ. ఐదూ ఒప్పుకుంటేనే పేరు. దూరంగా ఎగిరే పిట్ట పిలుపులో సన్నటి వివరాలు గాల్లోనే అరిగిపోతాయని కూడా గుర్తుంచుకోండి. రంపపు పళ్ళు మాయమై సాదా గీతలా కనిపించొచ్చు. మసక బొమ్మకి పేరు పెట్టొద్దు.

సాఫ్ట్‌వేర్ సంగతి తప్పకుండా అడుగుతారు. గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పగటిపూట అద్భుతం, రాత్రి పిలుపులకి అది చేసింది కాదు. కొన్ని థ్రష్‌లు పడుతుంది, మిగతావాటికి చెప్పే పేర్లు పట్టించుకోకపోవడం మేలు. నైట్‌హాక్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, ప్రత్యేకంగా అమెరికా ఖండాల రాత్రి పిలుపుల కోసమే తయారుచేశారు. పైథాన్‌లో నడుస్తుంది, మనవాళ్ళకి అది పెద్ద అడ్డంకి కాదనుకుంటా. రాత్రంతటి ఫైల్ ఇస్తే ఏ సెకనులో ఏముందో ఆడాసిటీలో తెరుచుకునేలా గుర్తులు పెట్టిస్తుంది. నా వాడకం ఇది: వెతికే పని దానికి వదిలేస్తాను, పేరు పెట్టే పని నేనే చేసుకుంటాను. కీచురాయిని చూసి ఘనంగా ఏ అరుదైన పిట్ట పేరో రాసే రోజులు దానికీ ఉంటాయి.

లెక్కలు ఈబర్డ్‌లో (చూసిన, విన్న పిట్టల్ని నమోదు చేసే వెబ్‌సైట్) వేస్తే దానికి విడిగా రాత్రి పిలుపుల పద్ధతి ఉంది, అదే ఎంచుకోండి, మామూలు పగటి లిస్టులో కలపొద్దు. మీరు లెక్కపెట్టేది పిలుపుల్ని, పిట్టల్ని కాదు. ఒకే స్వెయిన్సన్స్ మీ ఇంటి మీద నాలుగుసార్లు పిలిచి ఉండొచ్చు. బొమ్మలో ఐదారు సెకన్ల తేడాతో అదే ఆకారం, ఒకటి చిన్నగా, తరవాతది గట్టిగా, ఆ తరవాతది మళ్ళీ చిన్నగా ఉంటే అది ఒక్క పిట్టే దాటిపోయిందని నేను రాసుకుంటాను. సూర్యోదయానికి అరగంట ముప్పావుగంట ముందు ఇంటి చుట్టూ ఉన్న కార్డినల్‌లు, రాబిన్‌లు లేచి టిక్ టిక్ మంటాయి, అక్కడితో లెక్క ఆపేయండి.

లైట్లు

పిలుపులు ఎక్కువ వినాలని ఎవరైనా డెక్ మీద ఫ్లడ్ లైటు వేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. వెలుగు పిట్టల్ని లాగుతుంది, దారి తప్పిస్తుంది. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11న ఆకాశంలోకి వేసే రెండు వెలుగు స్తంభాలు జెర్సీ సిటీ నుంచి చూసే ఉంటారు. ఆ వెలుగులో పిట్టలు గుంపుకట్టి గుండ్రంగా తిరుగుతూ విపరీతంగా పిలవడం, లైట్లు ఆపగానే చెదిరిపోయి పిలుపులు తగ్గడం రాడార్‌తో, మైక్‌లతో కలిపి చూసి 2017లో ప్రచురించారు. అందుకే పిట్టలు మరీ ఎక్కువ చేరితే ఆ లైట్లని ఇరవై నిమిషాలు ఆపుతారు. షికాగో, క్లీవ్‌లాండ్ భవనాలకి గుద్దుకుని చనిపోయిన దాదాపు 70 వేల పిట్టల రికార్డులు తీసి చూస్తే, రాత్రి పిలిచే జాతులే ఎక్కువ చచ్చిపోతున్నాయని 2019లో తేలింది. దారి తప్పిన పిట్ట పిలిచి ఇంకోదాన్ని కూడా అక్కడికి లాగుతోందని అనుమానం. సెప్టెంబరు, అక్టోబరు, మే నెలల్లో రాత్రి పదకొండు తరవాత ఇంటి బయటి లైట్లు ఆపేయండి, మీ మైక్‌కి కాకపోయినా పిట్టలకి మేలు.

డాలస్‌లో, ఇంటిదగ్గర

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉన్నవాళ్ళకి థ్రష్‌లు మాకన్నా తక్కువ, దానికి బదులు డిక్సిసెల్ ఉంది. "బ్ర్ర్ట్" అని ముతకగా, శ్రుతి తక్కువగా పలుకుతుంది, ఒక్కసారి తెలిసిందా ఇక మరిచిపోరు. జులై చివర, ఆగస్టు ఉక్కరాత్రుల్లో "క్విప్-ఇప్-ఇప్" అని నీళ్ళల్లోంచి వచ్చినట్టు వినిపిస్తే అప్‌లాండ్ శాండ్‌పైపర్, గడ్డి మైదానాల నుంచి అర్జెంటీనాకి పోయేది. అక్కడ వసంతం మాకన్నా ముందే మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్ అంతా వినొచ్చు.

ఇక ఊళ్ళో ఉన్నవాళ్ళకి. అక్కడ రాత్రి రికార్డు చేసినవాళ్ళు తక్కువ, పక్కన పెట్టి పోల్చుకోవడానికి బొమ్మలూ తక్కువ, అందుకని చిన్న పిట్టల జోలికి వెళ్ళొద్దు. నీటి ఒడ్డు పిట్టలతో మొదలుపెట్టండి, వాటి పగటి కూత, రాత్రి కూత దాదాపు ఒకటే. కోరింగ, పులికాట్, కొల్లేరు, హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల దగ్గర ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా వినండి. వరసగా మూడు "ట్యూ ట్యూ ట్యూ" ఈలలు గ్రీన్‌షాంక్. ఒకే స్థాయిలో గబగబా ఆరేడు స్వరాల నవ్వు విమ్‌బ్రెల్. "చిఫ్-ఇఫ్-ఇఫ్" వుడ్ శాండ్‌పైపర్. ఇవి ఉత్తరాన రష్యా వైపు నుంచి వచ్చేవి. వీటిని పట్టాలంటే ముందు అక్కడి స్థానికుల గొంతులు పక్కకి తీసేయాలి. తీతువు రాత్రంతా గోల పెడుతుంది, చింతవక్కలు చెరువుకీ చెట్టుకీ మధ్య క్వాక్ మంటూ తిరుగుతాయి, ఈలబాతులు గుంపుగా ఈల వేస్తూ ఒక కుంట నుంచి ఇంకో కుంటకి పోతాయి. ఈ మూడింటినీ పగలే, చూస్తూ, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఒకే గొంతు రెండు నిమిషాల్లో మళ్ళీ అదే చోటికి తిరిగొస్తే అది ఊళ్ళో పిట్టే. ఒక దిక్కు నుంచి వచ్చి, రెండు మూడుసార్లు పిలిచి, రెండో దిక్కున సన్నగిల్లిపోతే తేదీ, సమయం, దిక్కు రాసుకుని ఆ క్లిప్ దాచండి, పేరు పొద్దున్న చూసుకోవచ్చు.